రెట్రో పంచమి

శ్రుతి ఈ ఏడాది నాగపంచమికి పుట్టింటికి పోవడం లేదని మా మరిది నితిన్ అన్నం తింటూ చెప్పాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. తోడికోడలు పండక్కి ఇంట్లోనే ఉంటే సంతోషపడాలి గానీ ఇదేం బుద్ధి అంటారేమో. అనండి. నా కడుపుమంట నాకే తెలుసు.

మా బళ్ళారి పక్క పంచమి అంటే ఆడవాళ్ళ పండగ. అన్నో తమ్ముడో వచ్చి పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటికి పిలుచుకుపోవాలి. అక్కడ పుట్టకు పాలు పోసి, నువ్వుండలూ శెనగుండలూ తిని, ఉయ్యాల ఊగి రావాలి. నాకు అన్నదమ్ములు లేరు. అమ్మానాన్నలు పోయాక కప్పగల్లులో మా ఇంటి తాళం తీసేవాళ్ళే లేరు. ఆటో ఎక్కితే అరగంట ప్రయాణం. కానీ రమ్మనే మనిషి ఉండాలి గదా.

అమ్మ పోయిన ఏడాది, పంచమి ముందు మా గాంధీనగర్ వీధిలో ఇంటింటి ముందూ కార్లు ఆగుతుంటే నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. అది కనిపెట్టి మా అత్త తిమ్మమ్మ అటక మీది పగ్గం దింపించింది. నడిమింట్లో దూలానికున్న ఇనుప కడియాలకు దాన్ని కట్టించి, పీట వేసింది.

"కూచో. పంచమికి ఊగని ఆడది నా ఇంట్లో ఉండకూడదు" అని నన్ను కూర్చోబెట్టి తనే ఊపింది.

అప్పట్నుంచి ప్రతి ఏడూ అంతే. శ్రుతిని వాళ్ళన్న పద్మనాభ సిరుగుప్ప నుంచి కారేసుకొచ్చి పిలుచుకుపోతాడు. మగవాళ్ళు పగలంతా లారీల పని మీద పోతారు. ఇంట్లో అత్తా నేనూ మిగులుతాం. ఆ నాలుగు రోజులూ ఆమె నాకు తల దువ్వుతుంది, నా చేతి ముద్ద తింటుంది, తన చిన్నప్పటి కబుర్లు చెబుతుంది. తక్కిన ఏడాదంతా "శ్రుతీ, శ్రుతీ" అని కలవరించే మనిషి మరి. శ్రుతి నవ్విస్తుంది, శ్రుతి మోకాళ్ళకు మందు రాస్తుంది, శ్రుతి ఫోన్లో సీరియళ్ళు పెట్టిస్తుంది. నేనేం చేస్తాను? వండిపెడతాను. వండిపెట్టేదాన్ని ఎవరు కలవరిస్తారు? నాకున్నది ఆ నాలుగు రోజులే. ఇప్పుడు అవీ లాక్కుంటుందట ఈ మహాతల్లి.

"ఈసారి ఈడనే చేస్తామక్కా, రెట్రో పంచమి!" అంది శ్రుతి. "అంటే పాతకాలం మాదిరి. అందరూ పఫ్ చేతుల జాకెట్లు, చుక్కల చీరలు, రెండు జడలు. మా కిట్టీ పార్టీ వాళ్ళనందర్నీ పిలుస్తాండా."

"పాతకాలం నీకేం ద్రోహం చేసిందమ్మా, దాని వెంట పడినావు?" అన్నాను.

అత్త పకపకా నవ్వింది. నా మాటకు కాదు. "నాకు గూడా పఫ్ చేతులు కుట్టియ్యే" అని శ్రుతిని అడిగి, ఆ ఊహకు తనే నవ్వుకుంది.

పండగ ముందు రోజు అద్దె సామాన్ల వాళ్ళు దిగారు. గోడకు ఆనించి పాత పెట్టె టీవీ, బల్ల మీద టేపురికార్డరు, గంప నిండా గోలీసోడాలు. అవన్నీ సరే. నడిమింటి కడియాలకు గొలుసుల ఉయ్యాల తగిలించి, దానికి ప్లాస్టిక్ బంతిపూలు చుట్టారు. నా కడియాలకు! ఆ రాత్రి నేను అన్నం సగంలో లేచిపోతే, "పైత్యమా?" అని మా ఆయన అడిగాడు. అవునన్నాను.

పంచమి మధ్యాహ్నం వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. "ఎష్టు ఛలో ఐతి రీ!" ఎంత బాగుందో అని ఒకావిడ కన్నడంలో ఇల్లంతా తిరిగి మెచ్చుకుంటోంది. ఉండలు తిని ఇంకొకామె "శ్రుతీ, ఏం చేతులమ్మా నీవి!" అంది. తెల్లవారకముందే లేచి బెల్లం పాకం పట్టింది నేను. నా అరచేతులు ఇంకా మండుతున్నాయి. శ్రుతి "అక్క చేసింది" అని చెప్పింది లెండి, చెప్పలేదనను. కానీ టేపురికార్డరు మోతలో అది ఎవరికి వినపడింది?

మా అత్త అయితే పఫ్ చేతుల జాకెట్టు తొడుక్కుని, చాటంత నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఉయ్యాల మీద కూర్చుని ఫోటోలు దిగుతోంది. శ్రుతి ఎటు తిరగమంటే అటు తిరుగుతోంది. నాతో ఉన్న నాలుగు రోజుల్లో ఎప్పుడైనా అంత నవ్విందా అని గుర్తుచేసుకున్నాను. నవ్వలేదు. నాతో ఆమె మాట్లాడుతుంది, నిట్టూరుస్తుంది, కునుకు తీస్తుంది. అంతే.

వీధిలో కారు హారన్ వినపడినప్పుడల్లా శ్రుతి గేటు దాకా పరుగెత్తి వస్తోంది. వచ్చేవాళ్ళకు ఎంత మర్యాద, ఎంత మర్యాద అనుకున్నాను.

"అక్కా, నా రూములో ఇంకో జత కళ్ళద్దాలుండాయి, రవంత తెచ్చియ్యవా?" అని అడిగింది. పోయాను. మంచం పక్కన సూట్‌కేసు సర్ది ఉంది. పైన వాళ్ళన్న పిల్లలకు కొన్న బొమ్మలు, వాళ్ళ వదినకు చీర. అంటే రేపు పుట్టింటికి కూడా పోతుందన్నమాట! ఇక్కడి పంచమీ కావాలి, అక్కడి పంచమీ కావాలి, మా అత్తా కావాలి. నాకు మాత్రం పాకం గిన్నె. ఒళ్ళంతా భగ్గుమంది.

నేను నడిమింట్లోకి వచ్చేసరికి అందరి వంతూ అయిపోయింది. "నువ్వూ ఊగు శ్రుతీ" అని బలవంతపెడుతున్నారు. "నాకొద్దు, మీరు ఊగండి" అంటోంది ఆమె.

"ఆయమ్మ ఈడెందుకు ఊగుతాది?" అన్నాను, అందరికీ వినపడేలా. "వాళ్ళన్న కారేసుకోని వస్తాడు గదా! సూట్‌కేసు సర్దిపెట్టుకోని కూచుండాది. ఏం శ్రుతీ, ఎప్పుడొస్తాండాడు మీయన్న? ఈసారి ఇంకా జాడ లేడే?"

శ్రుతి ముఖం పాలిపోయింది. పంచమినాడు ఏ ఆడదాన్నీ అడగకూడని మాట అది. నాకు కాక ఇంకెవరికి తెలియాలి?

"రాడక్కా" అంది. "వాళ్ళ గృహప్రవేశంలో ఈయనకూ మాయన్నకూ మాటామాటా పెరిగింది గదా. అప్పట్నుంచి ఫోన్ ఎత్తల్యా. సూట్‌కేసు వారం కిందట సర్దినా. ఒకవేళ వస్తాడేమో అని." నా చేతిలోని కళ్ళద్దాలు తీసుకుని పెట్టుకుంది. అద్దాల కింద నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఎవరో టేపురికార్డరు ఆపేశారు. కాసేపటికి ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు.

అత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేది. శ్రుతి తల ఒళ్ళో పెట్టుకుని, ఆ రెండు జడలూ విప్పి, నెమ్మదిగా దువ్వుతూ కూర్చుంది. నా దువ్వెనతో. జాలిపడాల్సిన చోట కూడా నాకు మంటే పుట్టింది. పుట్టింటి నుంచి పిలుపు లేదు కాబట్టి ఇక ప్రతి పంచమికీ ఈమె ఇక్కడే ఉంటుంది. అన్న లేని దాని జాగా అత్త ఒడిలో ఒక్కటే ఉంది. అందులో ఇద్దరం ఎట్లా పడతాం?

సాయంత్రం పెరట్లోకి పోయి మా ఆయన ఫోన్ నుంచి పద్మనాభకు చేశాను.

"ఏమప్పా పద్మనాభా, నితిన్‌తో పంచాయితీ ఉంటే నితిన్‌తో పెట్టుకో. చెల్లెలు నీకేం చేసిందప్పా? గేటు కాడ నిలబడి దావ చూస్తాండాది."

"అది గాదక్కా, ఆ దినం నితిన్ అందరి ముందర..."

"నాకు కథలు చెప్పొద్దు. రేప్పొద్దున నీ కారు ఈడ నిలబడలేదంటే, నేనే ఆయమ్మను తెచ్చి మీ గడప మీద కూచోబెడతా. సిరుగుప్ప అంతా చూడనీ."

"వస్తానక్కా" అన్నాడు చివరికి.

పొద్దున కారు వచ్చింది. శ్రుతి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. నితిన్ గుమ్మంలో నిలబడి "రా బావా, కాఫీ తాగు" అన్నాడు. ఫోన్ చేసింది నేనని తెలిసి శ్రుతి నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. "నా సొంత అక్క అయినా ఇట్ల చేసుండదు" అంది. పక్కింటావిడ నన్ను దేవతన్నది. నేను తల వంచుకున్నాను. అదీ అణకువే అనుకున్నారు.

అద్దె ఉయ్యాల తీసుకుపోయాక నడిమిల్లు ఖాళీ అయింది. అత్త పగ్గం తెప్పించింది. కడియాలకు కట్టించి, పీట వేసి, "దా" అంది. నేను కూర్చున్నాను. ఆమె అరచెయ్యి నా వీపు మీద ఆనింది. ఏడాదంతా దేనికోసం కాచుకుంటానో అది దొరికింది. నాలుగు ఊపులు ఊగాను.

"సౌభాగ్యా" అంది వెనక నుంచి. "పద్మనాభకు ఫోన్ చేసింది శ్రుతి కోసమేనా?"

కాలు నేలకు ఆనించి ఉయ్యాల ఆపాను. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

"తెలుసులేవే" అంది మా అత్త. "గట్టిగా పట్టుకో." మళ్ళీ ఊపింది.