వలలకి వెళ్ళొచ్చు

మా నాన్న తాహ్వోకీ, నా మొగుడు ఎన్సియోకీ మధ్య ఎనిమిదేళ్ళుగా ఒక్క గొడవ లేదు. ఒక్క 'నువ్వు' కూడా లేదు. ఆ రోజుల్లో మా ఫిన్లాండులో 'నువ్వు' అనే చనువు పెద్దవాళ్ళే ఇవ్వాలి. పేరు చెప్పుకుని, చెయ్యి కలిపి మరీ ఇవ్వాలి. చిన్నవాళ్ళు లాక్కోకూడదు. నాన్న ఇవ్వలేదు. పోనీ 'మీరు' అందామంటే సొంత మామని పరాయివాణ్ణి చేసినట్టు. అందుకని మా ఆయన రెండూ మానేశాడు. "కాఫీ పొయ్యొచ్చా?" "ఆవిరిస్నానానికి సౌనా వేడెక్కింది, వెళ్ళొచ్చు." ఎవరికి పొయ్యాలో, ఎవరు వెళ్ళాలో గోడలకే తెలియాలి. నాన్నా అంతే. మధ్యలో నలిగి చచ్చేది నేను.

ఆ అక్టోబరు సాయంత్రం భోజనాల దగ్గర ఎన్సియో రొట్టెకి వెన్న రాస్తూ, "రేపు పొద్దున వలలకి వెళ్ళొచ్చేమో," అన్నాడు.

"వెళ్ళొచ్చు," అన్నాడు నాన్న.

మాట అయిపోయింది. ఇద్దరూ హాయిగా పడుకున్నారు.

పొద్దున లేచి చూస్తే నాన్న చేపల పడవ లేదు. సరస్సంతా పొగమంచు. రేవు చివరే కనపడటం లేదు.

"నాన్న ఒక్కడే వెళ్ళాడా? భుజం పట్టేసి చెంచా ఎత్తలేకపోతున్నాడు కదా! నువ్వు వెళ్తానన్నావుగా?"

"కలిసి వెళ్దామనే అన్నాను..." ఎన్సియో మొహం పాలిపోయింది.

"ఎవరితో అన్నావు? వెన్నతోనా?"

రేవు మీదికి పరిగెత్తాం. జలుబుతో నా గొంతు పూడుకుపోయింది, అరిస్తే గాలే వస్తోంది. దారి తప్పితే అవతల అన్నీ రాళ్ళే. ఆ చన్నీళ్ళలో పడితే డెబ్భై దాటిన మనిషి ఎంతసేపుంటాడు?

ఎన్సియో నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కేకేశాడు. "ఓయ్! అక్కడ ఎవరైనా ఉన్నారా?" జవాబు లేదు. "ఒడ్డు ఇటుంది! ఇటు రావొచ్చు!"

"రావొచ్చా? నీ మర్యాద మండా!" చొక్కా పట్టుకుని ఊపేశాను. "పేరు పెట్టి పిలువు! అక్కడున్నది మా నాన్న!"

నా వంక ఒకసారి చూశాడు. తర్వాత గుండెలు పగిలేలా అరిచాడు. "తాహ్వో! నువ్వెక్కడున్నావు? నా గొంతు వింటూ రా తాహ్వో! నేనిక్కడున్నాను!"

కాసేపటికి మంచులోంచి తెడ్డు చప్పుడు, వెనకే నాన్న గొంతు వినిపించాయి. "వస్తున్నా!" అయినా ఎన్సియో ఆపలేదు. పడవ రేవుకి తగిలేదాకా నువ్వు, నువ్వు అని పిలుస్తూనే ఉన్నాడు.

నాన్నని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, చేతికి కాఫీ ఇచ్చి తిట్లు లంకించుకున్నాను. "మొదట కేకేస్తే పలకవేం?"

"ఎవరైనా ఉన్నారా అంటే, ఎవరినో వెతుక్కుంటున్నారనుకున్నానమ్మా ఇర్యా. నాకేం తెలుసు?"

ఎన్సియో గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అడక్కుండా అలా అనేసినందుకు... తప్పుగా అనుకోకూడదు."

నాన్న కప్పు దించాడు. "అడగడమేంటి? పెళ్ళినాడే చెప్పాగా, ఈ ఇంట్లో 'నువ్వు' అనుకోవచ్చని."

"అది... నాతోనా? అందరితో అన్న మాటేమో అనుకున్నా!"

"మరి చెయ్యి కలపలేదేం నాన్నా?" అన్నాను.

"అప్పుడు నా చేతుల్లో కాఫీ పళ్ళెం ఉంది." నాన్న పొయ్యి వైపు చూశాడు. "మర్నాడూ అనలేదు, మరుసటేడూ అనలేదు. అల్లుడు స్కూలు మాస్టరు కదా, చేపలు పట్టేవాడి చనువు అక్కర్లేదేమోలే అని ఊరుకున్నా. కష్టంగానే ఉండేది."

"ఓరి దేవుడా, ఇద్దరూ ఇద్దరే!" అన్నాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నాన్న లేచాడు. నొప్పి భుజంతోనే కుడిచెయ్యి చాచాడు. "తాహ్వో."

"ఎన్సియో."

నాన్న ఆ చెయ్యి వదల్లేదు. "రేపు నువ్వు నాతో వలలకి రా. నువ్వు తెడ్డు వెయ్యి, నేను దారి చెప్తా."

"వస్తాను," అన్నాడు ఎన్సియో. కట్టెల పెట్టె నిండుగానే ఉంది. అయినా కట్టెలు తెస్తానని పెరట్లోకి వెళ్ళి ఎంతకీ రాలేదు.

నాన్న కిటికీలోంచి చూస్తూ, "చలిలో నిలబడ్డాడు. లోపలికి పిలువు," అన్నాడు.

"నువ్వే పిలువు నాన్నా," అన్నాను.

నాన్న తలుపు తీసి, పేరు పెట్టి పిలిచాడు.