దానియేలు ఎక్కించిన ఫ్రీవీలు

సామర్లకోటలోని సైకిల్ షాపు నేల ఉన్నట్టుండి రైల్వే ప్లాట్‌ఫారమై సాగిపోతోంది, ఆ చివర నిరుడు సమాధి చేసిన దానియేలు మేస్త్రి స్టూలు మీద కూచుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు, ఎదురుగా ఆయన కూతురు ఎస్తేరు కోదండపాణి మేస్టారి పాత రేసు సైకిలు వెనకచక్రాన్ని చంకనెత్తుకుని నిలబడుంది. చచ్చిపోయిన నాన్న కనబడితే ఎవరైనా ఏడుస్తారు. ఎస్తేరుకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

"చక్రం పుల్లలు కోసెయ్యవే," అంటాడు దానియేలు, తలెత్తకుండానే. "కోదండపాణి మేస్టారు చక్రం నడిమికి కొత్త హబ్బు తెస్తున్నారుగా. పాత హబ్బు, దాని మీదున్న గేరుపళ్ళ ఫ్రీవీలు, రెండూ కలిపి పాతసామాన్లోకి విసిరెయ్. పీడా పోద్ది."

"నువ్వేగా నేర్పావు, ఫ్రీవీలు విప్పకముందు పుల్ల ముట్టుకోకూడదని! చక్రమే దానికి పిడి. పుల్లలు కోసేశాక ఆ గుప్పెడు హబ్బు పట్టుకుని ఏ భీముడు తిప్పుతాడు? ఇంక జన్మలో ఊడదు."

"ఊడకపోతే నీకేంటి?"

అదిగో, ఎంత మాటన్నాడో చూడండి! ఎనిమిదేళ్ళ కిందట ఈ ఐదు గేర్ల ఫ్రీవీలు ఎక్కించిన కొత్తలోనే అది వంకరపోయింది, చైను జారింది, మేస్టారు నడిబజార్లో పడి మోచెయ్యి కొట్టుకున్నారు, సైకిలు మూలపడింది, అప్పుడీ పెద్దమనిషి నలుగురి ముందూ "మా అమ్మాయి ఎక్కించిందండి, మరచుట్లు పాడుచేసింది" అనేశాడు, మేస్టారు ఆ మాటే బజారంతా చెప్పారు. అది ఎక్కించిన రోజు ఎస్తేరు షాపులోనే లేదు, పిఠాపురంలో మేనత్త ఇంట్లో ఉంది. అప్పట్నించీ గేర్ల సైకిలున్నవాడు ఒక్కడంటే ఒక్కడు ఆమె చేతికి బండివ్వలేదు. పంచర్లు, గాలి, మళ్ళీ పంచర్లు. పనంతా వచ్చు, పేరే లేదు.

ప్లాట్‌ఫారం తడిసి తడిసి కాలవగట్టయిపోతుంది, గూడ్సుబండి చక్రాలన్నీ ఫ్రీవీళ్ళై టకటకలాడుతూ నీళ్ళ మీంచి వెళ్ళిపోతుంటాయి, దానియేలు కాసేపు ముసలాడు, కాసేపు పెళ్ళినాటి కుర్రాడు, కానీ చూపు మాత్రం నేల మీంచి లేవదు.

"ఏం చేశావు నాన్నా దాని కింద?"

"ఏం లేదే."

"నా మొహం చూసి చెప్పు."

"హబ్బు మరచుట్లు ఒక దేశం కొలత, ఫ్రీవీలు మరచుట్లు ఇంకో దేశం కొలత," అంటాడు చివరికి. "వెంట్రుకవాసి తేడా. ఎక్కుద్ది గానీ పట్టదు. ఇది దీనికి సరిపోదండీ అని తిప్పి పంపెయ్యాలి. పాతికేళ్ళ మేస్త్రిని, ఆ మాట నోరుదాటి రాలేదే. ఎర్ర బిస్కట్ల డబ్బా రేకు సన్నగా కోసి, మరకి చుట్టి బిగించేశాను."

"అది నలిగి జారితే నన్నన్నావు."

"చిన్నదానివి, ఓర్చుకుంటావనుకున్నాను. నేనెటూ పోయాను కదే, నా పేరన్నా ఉండనీ. కోసెయ్యి తల్లీ."

తల్లీ అనేసరికి ఎస్తేరు చక్రాన్ని ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. ప్రేమ లేదని కాదు, చచ్చేంత ఉంది, అయినా సరే.

"కొయ్యను! నీ పేరు సమాధి రాయి మీద చెక్కించాను, అక్కడుంటుంది హాయిగా. నా పేరుతో నేనిక్కడ బతకాలి. ఏడ్చినా కొయ్యను, మొక్కినా కొయ్యను!" అంటూ చక్రాన్ని లారీ స్టీరింగులా రెండు చేతులా పట్టి ఎడమకి తిప్పుతుంది, కాలవ తిరుగుతుంది, బండి తిరుగుతుంది, స్టూలుతో సహా నాన్న తిరుగుతూ తిరుగుతూ చిన్నవాడైపోతుంటాడు, ఆమె మాత్రం చెయ్యి వదలదు.

"అమ్మాయ్! పగటినిద్దరేంటి?"

ఎస్తేరు బల్ల మీంచి దిగ్గున లేచింది. గుమ్మంలో కోదండపాణి మేస్టారు, ఒక చేతిలో కొత్త హబ్బు, ఇంకో చేతిలో హేక్సా రంపం.

"కోసేద్దామా?"

"అది కింద పెట్టి, రిమ్ము పట్టుకోండి మేస్టారూ."

ఫ్రీవీలు విప్పే రెండు పళ్ళ పనిముట్టుని బెంచికున్న వైసు దవడల మధ్య బిగించి, చక్రాన్ని దాని మీద బోర్లించింది. ఇద్దరూ ఎడమకి తోశారు. కదల్లేదు. మళ్ళీ తోశారు. మేస్టారు చెమట తుడుచుకుని "వదిలెయ్యవమ్మా" అన్నారు. వదల్లేదు. మూడోసారి ఠప్పుమని సడలింది.

ఫ్రీవీలు చేత్తో తిప్పి తీసేసరికి, హబ్బు మర చుట్టూ నలిగి అతుక్కుపోయిన రేకు, మీద ఇంకా కాస్త ఎర్రరంగు.

మేస్టారు గోటితో గీకి చూశారు. "ఇది దానియేలు పనే. నా బెల్లు వదులైతే ఇలాంటి రేకే చుట్టాడు, ఇప్పటికీ ఉంది. మరి నువ్వని చెప్పాడే..."

"నేను కాదండి."

ఆయన కొత్త హబ్బు ఆమె ముందుకి జరిపి "సరేలే, దీని మీద ఫ్రీవీలు నువ్వే ఎక్కించు" అన్నారు.

ఎస్తేరు హబ్బు ముట్టుకోలేదు. రేకుముక్క ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"బజారంతా నా పేరు చెప్పారు కదండీ. ఇది పట్టుకెళ్ళి అదే బజార్లో చెప్పి రండి. వచ్చాక ఎక్కిస్తాను."