సగంమంది వస్తేనే

ఆదివారం పొద్దున్నే ఉప్పునీళ్లలో చేతులు తడుపుకుంటూ వేడన్నం ముద్దలు కడుతోంది మిసావో. వీధి సంఘం పెద్దలకు ఫలహారం. ఆ సంఘానికి అధ్యక్షుడు ఆమె భర్త కొహెయ్. అధ్యక్షుడంటే సంతకం పెట్టేవాడు. ఇంటింటికీ నోటీసుల అట్ట తిప్పేదీ, చెత్తను కాకులు పీకకుండా వల కప్పేదీ, మీటింగుల్లో టీ పోసేదీ మిసావోయే. ఆ పనులకు పదవి పేరేమీ లేదు.

ఇవాళ ఊళ్లో ఓటింగు. వృద్ధుల పగటి కేంద్రం పడగొట్టి అక్కడ పెద్ద సభామందిరం కట్టాలా వద్దా అని నగరపాలిక జనాన్ని అడుగుతోంది. అడగడం వరకే. జనం ఏం చెప్పినా అది సలహానే, మేయరు వినాలని లేదు. పైగా సగంమందైనా రాకపోతే పెట్టెలు తెరవనే తెరవరు. అందుకే మందిరం కావాలన్నవాళ్లు, వాళ్లలో కొహెయ్ సంఘమూ ఉంది, "కట్టాలని ఓటేయండి" అనలేదు, "ఇంట్లో కూర్చోండి" అన్నారు.

ఆ సంగతి తెలిసినప్పుడు మిసావోకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో తనను అడిగిన తీరూ ఇదేగా! "కారు ఏ రంగుది కొందామంటావ్?" అనేవాడు కొహెయ్, అప్పటికే అడ్వాన్సు ఇచ్చి వచ్చి. అత్తగారు త్సునేకు కాళ్లు పడిపోయినప్పుడు, ఎవరు చూసుకోవాలని ఆ మాత్రం అడగడం కూడా లేదు. కేంద్రం బండి వచ్చి ఆవిణ్ణి తీసుకెళ్లి, స్నానం చేయించి సాయంత్రం దింపే రోజుల్లోనే మిసావో నడుం కాస్త నిటారుగా నిలబడుతుంది. అది మూసేస్తే ఎలాగండీ అంటే, పేపర్లోంచి తలెత్తకుండానే "నువ్వున్నావుగా" అన్నాడు. నువ్వున్నావుగా! గోడ ఉంది, గొళ్లెం ఉంది, నువ్వున్నావు.

"నువ్వు కదలకు. అధ్యక్షుడి పెళ్లామే క్యూలో నిలబడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని, అత్తాకోడళ్ల ఓటు కార్డులు రెండూ జేబులో వేసుకుని ముద్దల బుట్టతో ఓటింగు జరిగే బడికి వెళ్లాడు కొహెయ్. కార్డు లేకపోయినా పేరూ పుట్టిన తేదీ చెబితే ఓటేయనిస్తారని తాను సంతకం పెట్టిన నోటీసులోనే ఉంది. చదివితేగా!

మిసావో చేతులు కడుక్కుంది. "అత్తయ్యా, కాసేపు బయటికెళ్లొస్తాను."

"బడి దగ్గరికేగా? నన్నూ తోసుకెళ్లు" అంది త్సునే. "మీ మామయ్య ఉన్నన్నాళ్లూ ఆయన చెప్పినవాడికే వేశాను. ఇవాళ చెప్పేవాడు లేడు."

బడి గేటు దగ్గర సంఘం పెద్దలు ముద్దలు తింటూ వచ్చేవాళ్లని గమనిస్తున్నారు. చక్రాల కుర్చీ కనబడగానే కొహెయ్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మిసావో అందరికీ వంగి నమస్కారం పెట్టి, కుర్చీ లోపలికి తోసుకుపోయింది.

రాత్రి భోజనాల వేళకు టీవీలో చెప్పారు. వచ్చినవాళ్లు సగానికి కొంచెం తక్కువ. పెట్టెలు తెరవలేదు.

"అత్తాకోడళ్లు కలిసి నా పరువు తీశారు. ఏం ఒరిగింది మీకు?" అంటూ కొహెయ్ అన్నానికి గిన్నె చాపాడు.

మిసావో గిన్నె అందుకోలేదు.

"ఊరి సంగతి ఊరిది. ఈ ఇంట్లో ముగ్గురం, ఇద్దరం వెళ్లాం. సగం దాటింది కాబట్టి ఇక్కడ పెట్టె తెరుస్తున్నాను. కేంద్రం మూసేశాక అత్తయ్యకు స్నానం మీరే చేయించాలి."

కొహెయ్ దిక్కుతోచక తల్లి వైపు చూశాడు.

త్సునే చేప ముల్లు తీసి పక్కన పెట్టి, "నీళ్లు మరీ వేడిగా పెట్టకురా" అంది.