ఒళ్లు చేసిన పాప

ఎమ్మెస్సీ న్యూట్రిషన్ పరీక్షలో అది ఐదు మార్కుల ప్రశ్న. పోషణలోపం వల్ల పిల్లలకు వచ్చే నీటివాపును ఎలా గుర్తిస్తారు? నేను బొమ్మ కూడా వేసి రాశాను. పాదం మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కాలి. వేలు తీశాక గుంట అలాగే నిలిచిపోతే అది కండ కాదు, నీరు. రెండు పాదాలకూ చూడాలి. ఐదుకి ఐదు వేశారు. ఆ పేపరు సూళ్లూరుపేటలో మా ఇంటి బీరువాలో ఇప్పటికీ ఉంది. దాన్ని అంత భద్రంగా దాచింది మా నాయన దయానందే. కోపం వచ్చినప్పుడల్లా, "అన్నం తినండని చెప్పేదానికి ఎమ్మెస్సీ ఎందుకే గ్రేసీ?" అనేదీ ఆయనే.

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రి నన్ను డైటీషియన్‌గా రమ్మంది. చల్లటి గది, తెల్లకోటు, సొంత కుర్చీ. నేను పోనన్నాను. జబ్బుపడి వచ్చినవాళ్లకు చప్పిడి కూరల చీటీ రాసివ్వడం నాకెందుకు, జబ్బు రాకముందే ఊళ్లలోకి పోయి పట్టుకుంటాను అన్నాను. నాకు పంతమెక్కువ, నోరూ ఎక్కువే. తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. పాకాల చుట్టుపక్కల పన్నెండు ఊళ్లు నాకిచ్చారు. ఆరు నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు.

ఐదో నెలలో, మే మొదటి గురువారం, మిట్టపల్లెలో తాయమ్మ ఇంటికి వెళ్లాను. తాయమ్మకు అరవై దాటాయి. గొర్రెలు మేపుతుంది. కొడుకు గిరి సూళ్లూరుపేట పక్క ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆదివారాలు మాత్రం ఇంటికి వస్తాడు. కోడలు మోహనకు ఐదో నెల. మనవరాలు మోక్షితకు ఇరవై రెండు నెలలు. కడుపు నిలిచిందని తెలిసిన రోజే పాపకు తల్లిపాలు మాన్పించారు. పోయిన నెల పాప బరువు ఏడు కిలోల నాలుగు వందలు. నా పుస్తకంలో ఆ పేరు పక్కన ఎర్రచుక్క పెట్టి, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని గంటసేపు ఉపన్యాసం ఇచ్చి వచ్చాను.

ఆ గురువారం కాటా మీద ముల్లు ఎనిమిది కిలోల ఎనిమిది వందల దగ్గర ఆగింది.

నెలలో కిలో నాలుగు వందలు. ఏ పిల్లా అంత పెరగదని నాకు తెలియదా? తెలుసు. కానీ మన మాట విని ఒక బిడ్డ బాగుపడిందని నమ్మడం ఎంత తియ్యగా ఉంటుందో, అది నమ్మినవాళ్లకే తెలుస్తుంది. పాప బుగ్గలు నిండుగా ఉన్నాయి. అల్లరి లేకుండా, పిలిచినా పలక్కుండా, పెట్టినచోట కూర్చుని ఉంది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. చేతికి కొలత టేపు చుట్టబోతే మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. పోనీలే అని వదిలేశాను.

"గజ్జెలు గూడా పట్టలేదమ్మా. కాలికి ఎక్కకపోతే తీసేసినాం," అంది తాయమ్మ.

"చూసినావా అవ్వా, ఎట్ల ఒళ్లు చేసిందో. ఏం పెడతా ఉండారు?"

"మామూలేమ్మా. ఏముండాది మా ఇంట్లో."

మోహన ఏదో చెప్పబోయి అత్త ముఖం చూసి ఊరుకుంది. నేనూ రెట్టించలేదు. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా పాప ఏమేమి తిందో ఒక్కొక్కటే అడిగి రాసుకోవడం నా ఉద్యోగంలో మొదటి పని. ఆ కాగితం ఖాళీగానే ఉంచి, కాటాకు వేలాడే సంచిలో ఉన్న పాపను ఫోటో తీసుకున్నాను.

"అదే పెట్టండి. ఏమీ మార్చొద్దండి. పాప బాగుండాది."

తాయమ్మ నా వైపు చూసింది. నన్నూ ఆమె పాపా అనే పిలుస్తుంది. "నిజంగా బాగుండాదా పాపా?"

"నిజంగా అవ్వా," అన్నాను.

సోమవారం పొద్దున తిరుపతి ఆఫీసులో మా అధికారి మునిరత్నం సార్ పిలిచి, మరుసటి రోజు జిల్లా సమావేశంలో నా పాప ఫోటోనే మొదట చూపిస్తామన్నారు. నా ముఖం చేటంత అయింది. ఫోటోను స్లైడు నిండా వచ్చేలా పెద్దది చేశాను. ముఖం, చెయ్యి, సంచిలోంచి వేలాడుతున్న కాళ్లు. ఎడమ పాదం మీద ఏదో మరక కనిపించింది. తుడిచేద్దామని ఇంకా పెద్దది చేశాను.

మరక కాదు. గుంట. సంచిలోకి దించేటప్పుడు పాపను ఆ కాలు దగ్గరే పట్టుకున్నాను. అది నా బొటనవేలి గుర్తు.

ఫోటోను మళ్లీ మొదటి నుంచి చూశాను. నిండుగా ఉన్న బుగ్గలు, పట్టని గజ్జెలు, పలకని పాప, ముట్టుకుంటే ఏడుపు. అన్నీ నా పేపర్లో రాసినవే, వరుస కూడా అదే. కిలో నాలుగు వందలూ నీరే. దాన్ని చూసి నేను ఏమీ మార్చొద్దన్నాను.

మిట్టపల్లె అంగన్‌వాడీ టీచరు శకుంతలమ్మకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది.

"పోయిన నెల నువ్వు వచ్చి పోయినాక ఆ ఇంట్లో పాపకు అమ్మవారు పోసింది కదమ్మా. ఒళ్లంతా తట్టు. జాతర అయ్యేదాకా పొయ్యి మీద తాళింపు పెట్టబోమని మొక్కుకున్నారు. గుడ్లిస్తే వద్దన్నారు, పప్పు వద్దన్నారు. పాలు తాపితే కక్కుతా ఉందని అదీ మాన్పించేసినారు. పాపకు గంజీ మెతుకులే."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలా," అంది శకుంతలమ్మ. "జాతర రేపు కాదు, పై మంగళవారం."

పాకాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోజులు లెక్కపెట్టాను. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం. ఐదు రోజులు. నీరు దిగిన బిడ్డ ఒక్కోసారి నిద్రలోనే పోతుందని పుస్తకంలో ఉంటుంది. చదివేటప్పుడు అది ఒక వాక్యం మాత్రమే. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. ప్రభువా, అని మొదలుపెట్టగానే నా నోటికి వచ్చిన మొదటి మాట పాప పేరు కాదు, ఇది ఎవరికీ తెలియకుండా చూడు అని. సిగ్గుతో కళ్లు తెరిచాను. మళ్లీ మూసుకునే ధైర్యం చాలలేదు. ఈ పని నాకొద్దు, చెన్నైకే పోతాను, చప్పిడి కూరలే రాసుకుంటాను అనుకున్నాను. అంతలోనే ఇంకో భయం పట్టుకుంది. చర్చికి పోయే పిల్ల వచ్చి అమ్మవారి మొక్కు చెరిపిందంటే, ఆ తర్వాత పాపకు ఏమైనా అయితే, ఆ ఊరు నన్నేం చేస్తుంది? పాకాలలో దిగి మిట్టపల్లెకు ఆటో మాట్లాడుకున్నాను.

మలుపు తిరగగానే తాయమ్మ ఇంటి ముందు జనం కనిపించారు. ఏడెనిమిది మంది మగవాళ్లు, తలలు వంచుకుని, గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఆటో ఆగింది. నేను దిగలేదు. దిగితే తెలిసిపోతుంది, దిగకపోతే ఇంకో నిమిషం తెలియకుండా ఉంటుంది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇదే గదమ్మా ఇల్లు?" అన్నాడు. అప్పుడు ఆ గుంపు మధ్యలోంచి ఒక పొట్టేలు అరిచింది. జాతరకు పొట్టేలు బేరమాడే మనుషులు వాళ్లు.

లోపల చాప మీద పాప పడుకుని ఉంది. కళ్లు ఉబ్బి సన్నటి గీతలయ్యాయి. కాళ్ల మీద చర్మం పగిలి పొరలు లేస్తోంది. ఛాతీ కదులుతోందో లేదో చూడటానికి వంగాను. కదులుతోంది.

పాదం చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు పెట్టి నొక్కాను. ఒకటి, రెండు, మూడు. తీశాను. మెత్తటి సంగటి ముద్దలో వేలు దిగినట్టు గుంట పడింది, అలాగే ఉంది. రెండో పాదంలోనూ అంతే. తలెత్తితే గుమ్మంలో తాయమ్మ నిలబడి నా చేతివైపే చూస్తోంది.

"అవ్వా, గురువారం నేను చెప్పింది తప్పు. పాప ఒళ్లు చేయలేదు. ఇది నీరు. గొర్రెకు దవడ కింద నీరు దిగితే..."

"చెప్పబాకమ్మా." తాయమ్మ లోపలికి వచ్చి నా ఎదురుగా కూలబడింది. "నలభై ఏండ్లుగా గొర్రెల్ని మేపతా ఉండాను. దవడ నిండిన గొర్రె ఎన్నాళ్లు ఉంటాదో నాకు తెలీదా? గజ్జెలు పట్టనప్పుడే గుండె జల్లుమనింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గురువారం మధ్యాన్నం ఆస్పత్రికి పోదామని ఆటో గూడా చెప్పి పెట్టినా. పొద్దున్నే నువ్వొస్తివి."

నా చేతిలో పాప పాదం ఇంకా అలాగే ఉంది.

"సదువుకున్న బిడ్డ, తూకమేసి సూసింది, బాగుండాదనింది. నా కంటికి సత్వారం వచ్చిందేమో, గొర్రెల్ని సూసి సూసి మనిషి బిడ్డను గూడా అట్లే సూస్తా ఉండాననుకున్నా. ఆటో వద్దని చెప్పేసినా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి చేసుకున్నా బాగుండేది. ఆ ఐదు రోజులు ఆ ఇంట్లో ఎవరివీ కావు, నావి. మోహన గోడకు ఆనుకుని, "గుడ్డన్నా పెడదామత్తా అని చెప్పబోయినా మేడమ్ ముందర," అని ఏడ్చింది.

మొక్కు మాట ఎత్తాలంటే నాకు భయం వేసింది. ఎత్తాల్సిన అవసరం రాలేదు. తాయమ్మే లేచి, దేవుడి గూట్లోంచి పసుపు తీసి పాప నుదుటన పెట్టింది. "తప్పుంటే నా మింద ఏసుకో తల్లీ, బిడ్డను ఇడిసిపెట్టు," అని గూటివైపు అని, నా వైపు తిరిగింది. "ఎత్తుకో. ఈసారి నీ సదువంతా తీసుకోనిరా."

ఆటోలో పాపను గుడ్డల్లో చుట్టి నా గుండెకు ఆనించి పెట్టుకున్నాను, ఒళ్లు చల్లబడనివ్వకూడదు. చక్కెర నీళ్లు చెంచాతో పెదాల మీద కొద్దికొద్దిగా పోస్తూ వచ్చాను. గుటక పడిన ప్రతిసారీ తాయమ్మ నా ముఖం చూసేది. పడనప్పుడు ఇద్దరం పాప గొంతు చూసేవాళ్లం. మే నెల ఎండలో, వేడిగాలికి పెదాలు పగులుతుంటే, ఆ చిన్న చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. తిరుపతి చేరడానికి గంట పైన పట్టింది. నా జీవితంలో అంత పొడుగు దారి ఇంకొకటి లేదు.

పెద్దాసుపత్రిలో పోషణలోపం పిల్లల వార్డులో డాక్టరమ్మ పాదం నొక్కి చూసి, "నాలుగైదు రోజుల ముందు వచ్చుంటే ఇంత భయం ఉండేది కాదు. రెండు రోజులు ఏమీ చెప్పలేను," అంది. తాయమ్మ నా పేరు చెప్పలేదు. నేనే చెప్పాను. బాగుందని చెప్పింది నేనేనని, అదే పెట్టమన్నదీ నేనేనని. మునిరత్నం సార్‌కు ఫోన్ చేసి, ఆ స్లైడు తీసేయమన్నాను. ఎందుకో చెప్పాను. ఆయన జరిగింది జరిగినట్టు రాసివ్వమన్నారు. రాసిచ్చాను. నన్ను ఉంచుతారో పంపేస్తారో ఇంకా చెప్పలేదు.

అక్కడి నుంచి రోజూ పొద్దున తూకం. రెండు గంటలకోసారి కొలిచి పట్టే పాలు, చెంచాలతో. ఎక్కువ పోస్తే గుండె తట్టుకోదు. ఆకలితో చిక్కిన బిడ్డకు కడుపునిండా పెట్టినా ప్రమాదమేనని తెలిసి తాయమ్మ గిన్నెను చూసినా భయపడేది. బరువు రోజూ తగ్గుతూ వచ్చింది. ఎనిమిది ఐదు వందలు, ఎనిమిది ఒకటి, ఏడు ఆరు. ఆదివారం వచ్చిన గిరి, "ఆస్పత్రికి తెచ్చినాక బిడ్డ కరిగిపోతా ఉండాది," అని నా మీదికి లేచాడు. కరిగేది నీరని చెప్పాను. నా మాట అతను నమ్మలేదు. నమ్మడానికి నేను చేసిందేముంది?

ఏడో రోజుకు బుగ్గలు పోయాయి, ఎముకలు తేలాయి. తొమ్మిదో రోజు ఆరు కిలోల ఏడు వందల దగ్గర ముల్లు ఆగింది. అదీ మోక్షిత అసలు బరువు. పోయిన నెల కంటే ఏడు వందల గ్రాములు తక్కువ. నిండుగా ఉందని నేను ఫోటో తీసిన బిడ్డ ఇది.

పదకొండో రోజు పొద్దున నర్సు తూకం చూసి, "నలభై గ్రాములు పెరిగింది," అంది నవ్వుతూ. పక్క మంచం తల్లి కూడా నవ్వింది. తాయమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పెరిగిందన్న మాట వింటే మా ఇద్దరికీ ఇప్పుడు ఒకే భయం.

తాయమ్మ గుడ్డ తొలగించి పాప పాదం బయటికి తీసింది. తను నొక్కుతుందేమో అనుకున్నాను. ఆ పాదాన్ని నా వైపు జరిపింది.

"నువ్వే సూడు," అంది.

"డాక్టరమ్మ వస్తుంది అవ్వా. ఆమె చూస్తే..."

"నువ్వే సూసి చెప్పు పాపా."

ఆ చిన్న పాదం మీద బొటనవేలు పెట్టాను. ఒకటి. కింద ఎముక తగిలింది. రెండు. పాప కళ్లు తెరిచి నన్ను చూసింది. మూడు. వేలు తీశాను.

గుంట లేదు. పాప కాలు వెనక్కి లాక్కుని, ఆ కాలితోనే నా చేతిని తన్నింది.

రెండో పాదం కూడా చూశాకే తాయమ్మకు చెప్పాను.