పెదవుల మీది పాఠం

అమ్మణి టీ గ్లాసు నోటికెత్తుకుంది. మూడో తరగతి వైష్ణవి చదువు ఠక్కున ఆగిపోయింది.

గ్లాసు దించింది. పిల్ల మళ్లీ గడగడా అందుకుంది. ఏదో అనుమానం తగిలి అమ్మణి గ్లాసు మళ్లీ ఎత్తింది. మళ్లీ నిశ్శబ్దం. పిల్ల కళ్లు పుస్తకం మీద లేవు, గ్లాసు చాటున ఉన్న తన మూతి మీద ఉన్నాయి.

అమ్మణి గ్లాసు కింద పెట్టేసింది. అయ్యో రాత! ఏడాదిగా ఈ పిల్ల చదివింది అక్షరాలను కాదు, తన పెదవులను!

తప్పు పిల్లది కాదు. పీలమేడు స్పిన్నింగ్ మిల్లు మోతలో బతుకంతా గడిపిన మనిషి అమ్మణి. అక్కడ గొంతు చించుకున్నా వినబడదు. ఆడవాళ్లు చప్పుడు లేకుండా పెదవులు కదిపే మాట్లాడుకునేవారు. పిల్లల జ్వరాలు, అత్తల ఆరళ్లు, పెళ్లి కబుర్లు, అన్నీ అలాగే. మిల్లు మూతపడ్డాక ఆ అలవాటు మిగిలింది, రొమ్ములో దూది దుమ్ము మిగిలింది. అప్పటినుంచీ బడిలో వెనకబడిన పిల్లలను సాయంత్రాలు తన పంచలో కూర్చోబెట్టుకుని తమిళ వాచకం చదివిస్తోంది. పిల్ల తడబడితే చాలు, తన పెదవులు తమంతట తామే ముందుకు పోతాయి.

రేపు బడికి ఆఫీసరమ్మ వస్తుంది. ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివిస్తుంది. చదవలేనివాళ్లను ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెడతారు. కిందటిసారి అలా కూర్చుని వచ్చి వైష్ణవి అన్నం ముట్టలేదు. ఇంకోసారి అదే జరిగితే బడి మొహం చూడనని భీష్మించుకుంది. దాని నాన్న బాలకృష్ణన్‌కూ అదే కావాలి. ఇంట్లో చంటిదాన్ని ఎత్తుకునే మనిషి దొరుకుతుంది కదా!

"నా మూతి ఏల చూస్తావు, కన్నా? పుస్తకం చూడు."

"చూస్తే అక్షరాలన్నీ కలిసిపోతాయి అవ్వా."

అమ్మణి మొహం తిప్పుకుంది. పిల్ల మెడ సాచింది. అమ్మణి పెదవులు బిగబట్టింది. అవి మాట వింటేగా! చివరికి లోపలికి పోయి, మిల్లులో మూతికి కట్టుకునే నీలిగుడ్డ పెట్టెలోంచి తెచ్చింది. ముక్కూ నోరూ మూసి తల వెనక గట్టిగా ముడి వేసింది. ఈ రొమ్ముతో గాలికి అడ్డం కట్టుకుంటావా అని డాక్టరు చూస్తే తిడతాడు. తిట్టనీ.

"వద్దు అవ్వా! నీకు మూచ్చు ఆడదు!"

"నా ఊపిరి సంగతి నేను చూసుకుంటా. నీవు చదువు, సామి."

వైష్ణవి కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకం మీద వేలు పెట్టి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. నీలిగుడ్డ ఊపిరికి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. అమ్మణి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇక లాభం లేదని చెయ్యి ముడి మీదికి పోయింది. అప్పుడే పిల్ల వేలు అక్షరం మీద కదిలింది.

"కు... రు... వి."

అమ్మణి చెయ్యి ఆగిపోయింది.

"కురువి! పిచ్చుక! కూ... డు. గూడు! కురువి కూడు..."

ఇప్పుడు విప్పితే పిల్ల తలెత్తుతుంది. అమ్మణి చెయ్యి దించేసి గోడకు చేరగిలబడింది. ఒక్క పేజీ తల్లీ, ఒక్క పేజీ. చదువు గతుకుల దారిలో ఎద్దుబండిలా ఆగుతూ సాగింది. పిల్ల ఒక్కసారి కూడా తలెత్తలేదు. అది చూసి అమ్మణికి కడుపు నిండిపోయింది. రేపు ఆఫీసరమ్మ కాదు, ఆమెను పుట్టించిన దేవుడొచ్చి నిలబడినా ఫరవాలేదు. కళ్లు మూసుకుని విన్నది.

వైష్ణవి వేలు పేజీ చివరికి చేరింది.

"అవ్వా, అయిపోయె! అంతా నేనే చదివితిని!"

అమ్మణి పలకలేదు. వైష్ణవి అలవాటుగా తలెత్తి ఆమె మూతి వైపు చూసింది. నీలిగుడ్డ లోపలికి పోలేదు, బయటికి రాలేదు.