లింగమ్మ వాకిట్లో పోటు

సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఆళ్లగడ్డలో లింగమ్మ వాకిలికి రోజుకు రెండుసార్లు సముద్రం పోటు వస్తుంది. చీలమండల లోతు ఉప్పునీళ్ళు. కొడుకు గిరీశ్, కృష్ణా నది సముద్రంలో కలిసేచోట మడ అడవికి కాపలాదారుగా చేరినప్పటి నుంచీ ఇంతే. ఆ వేళకు ఆమె ఆరబోసిన శనక్కాయలు మంచం మీదికెత్తుతుంది.

"అక్కా, ఈ పొద్దు నీళ్ళు ఎన్నింటికి? ఉలులు పైన పెట్టుకోవల్ల," అని పక్కింట్లో విగ్రహాలు చెక్కే గురుస్వామి గోడ మీదుగా అడుగుతాడు.

"నిన్నటికన్నా ముక్కాలు గంట ఆలస్యం," అంటుంది.

ఒక సాయంత్రం గిరీశ్ ఫోన్ చేశాడు.

"మా, మూడోసారి నాటిన మొక్కలూ చచ్చిపోయినాయి. ఈ ఏడూ పచ్చబడకుంటే నేలంతా రొయ్యల చెరువులకు ఇచ్చేస్తారంట. మమ్మల్ని తీసేస్తారు. నంద్యాల విత్తనాల కంపెనీలో ఏదన్నా పనుంటే అడుగు."

లింగమ్మ ఫోన్ చెవిన పెట్టుకునే వాకిట్లోకి చూసింది. పోటు వెనక్కి తీస్తోంది. వంటింటి గోడ పక్కన మాత్రం నీళ్ళు కదల్లేదు, కుళ్ళు వాసన. బురద పేరుకుని చిన్న గట్టులా అడ్డం పడింది. ముప్పై ఏళ్ళు సేద్యం చేసిన మనిషికి అది చాలు.

"ఆడ పాత గట్టేమన్నా ఉండాదా?"

"ఉండాది మా. ఎప్పుడో చెరువు కోసం కట్టి వదిలేసినారు."

"నీళ్ళు నిలబడి వేర్లు కుళ్ళుతాండాయి రా!"

ఫోన్ పెట్టేసి పార తీసుకుంది. గురుస్వామి గడ్డపార తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఆ బురదగట్టును రెండు చోట్ల తెగ్గొట్టారు. నీళ్ళు గలగలమని వీధి కాలువలోకి దూకాయి.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "మా! గట్టు రెండు చోట్ల తెగింది. పోటు నేరుగా లోపలికొచ్చి పోతాంది. మళ్ళీ నాటాల్నా?"

"ఏమీ నాటొద్దు. గింజలు నీళ్ళే తెస్తాయి. నువ్వు పశువుల్ని మాత్రం రానీయొద్దు."

ఆ వానాకాలం మడ గింజలు వందలుగా తేలుతూ వచ్చి బురదలో దిగబడ్డాయి. ఏడాది తిరిగేసరికి మోకాలెత్తు పచ్చదనం. అధికారులు వచ్చి కొలుచుకున్నారు. అడవిని అడవిగానే ఉంచుతామన్నారు, గిరీశ్‌ను కూడా పనిలో ఉంచుతామన్నారు.

ఆ రోజే గిరీశ్ ఫోన్ చేశాడు. "నాటొద్దని ఎవరు చెప్పినారని అడిగినారు మా. మా అమ్మ అని చెప్పినా. వాళ్ళు నవ్వలా, రాసుకున్నారు."

లింగమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. పోటు వచ్చింది. కుచ్చిళ్ళు తడుస్తున్నా లేవలేదు. ఎన్నాళ్ళకో గుండెల నిండా గాలి పీల్చుకుంది.