గంటకింత నిశ్శబ్దం

రికార్డిస్టు పాత క్యాసెట్ చక్రంలోకి పెన్సిల్ దూర్చి, వదులైన టేపును మెల్లగా చుడుతున్నాడు. అందులో ఉన్నది ఎవరింట్లోదో పుట్టినరోజు సందడి. సాయంత్రంలోగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వాలి. అద్దెకు తీసుకెళ్లినవాళ్లు తిరిగిచ్చిన మైకులు బల్లమీద పడున్నాయి. ఒకదాని జాలీ సొట్టపోయింది. దాన్ని బొటనవేలితో సరిచేస్తూ, తననెవరో గిల్లినట్టు మొహం పెట్టాడు.

పాటలు రావడం మానేసి చాలాకాలమైంది. ఎవరింట్లో వాళ్లే కంప్యూటర్ ముందు కూర్చుని పాడేసుకుంటున్నారు. ఈ రికార్డింగ్ స్టూడియో పెట్టిన పెద్దాయన పోయాక అది ఆయన కూతురి చేతికి వచ్చింది. ఆ అమ్మాయి మంచిది, కష్టజీవి. మైకులు అద్దెకిచ్చింది, క్యాసెట్ల పని పెట్టింది, మైకు ముందు నిలబడి ఫోటోలు దిగే సరదా ఉన్నవాళ్లను రానిచ్చింది. అవీ చాలకపోతే ఒకరోజు, "బాబాయ్, ఊరంతా వెతికినా దొరకనిది మన దగ్గర ఒకటుంది కదా," అంది. అది నిశ్శబ్దం. అప్పటినుంచి పాటల గది గంటల లెక్కన అద్దెకు పోతోంది. పరీక్షలకు చదువుకునేవాళ్లు వస్తారు. మొగుడూపెళ్లాలు వచ్చి తనివితీరా పోట్లాడుకుని, తర్వాత ఒకే గొడుగు కింద వెళ్లిపోతారు.

లోపలివాళ్లకు చాటు ఉండాలి కాబట్టి తన బల్లకీ ఆ గదికీ మధ్యనున్న అద్దానికి తెర వేసి మైకు ఆపేయాలి. బతుకంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నవాడికి ఈ కొలువు మొదట్లో మింగుడుపడలేదు. తీగలు మోసే పనికి చేరి, పెద్దాయనతో కలిసి ఆ గది గోడల్లో దూదీ ఇసుకా కూరింది అతనే. లోపల డ్రమ్ములు మోగించినా వీధిలో కుక్క చెవి కూడా నిక్కదని పెద్దాయన వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. వింటూ ఇతను నేల చూపులు చూస్తూ మురిసిపోయేవాడు. ఏ క్యాసెట్ అట్టమీదా తన పేరు పడలేదు. ఇది నేను చేశాను అని చూపించుకోవడానికి ఆ గోడలే ఉన్నాయి.

పొద్దెక్కాక కాపలాదారు వచ్చాడు. రాత్రంతా గోదాము కాపలా కాసి పగలు పడుకుందామంటే, అతని ఇంటి కిందే రేకులు కొట్టే షెడ్డు. అందుకని ప్రాణం విసిగినప్పుడల్లా ఇక్కడికొచ్చి తివాచీ మీద ఒళ్లెరక్కుండా పడుకుంటాడు. లేచి వెళ్లేటప్పుడు మొహం పసిపిల్లాడి మొహంలా తేటపడుతుంది. ఇవాళ మాత్రం మెట్లెక్కి వచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఒంట్లో బాగాలేదా అన్నా?"

"నిద్ర చాలక తమ్ముడూ. కాస్త కునుకు పడితే అదే సర్దుకుంటుంది."

లోపలి మైకు ఆన్‌లో ఉంచుతాను, అవసరమైతే పిలవొచ్చు అన్నాడు రికార్డిస్టు. కాపలాదారు సిగ్గుపడ్డాడు. "వద్దులే. నిద్రలో ఏవేవో వాగుతానంట, మా ఆవిడ అంటుంది. అవన్నీ నువ్వెందుకు వినడం."

బరువైన తలుపు మూసుకుంది. రికార్డిస్టు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పుట్టినరోజు సందడిలో పడ్డాడు. గంట అయిపోయింది. ఫోటోలవాళ్లు వచ్చి కూర్చున్నారు. లేపమంటావా అని ఓనరమ్మ సైగ చేస్తే, పాపం అలిసిపోయి వచ్చాడు, ఇంకాసేపు పడుకోనివ్వమని బతిమాలాడు. ఆమె సరేనంది.

తర్వాత లేపడానికి వెళ్తే తలుపు సగమే తెరుచుకుంది. కాపలాదారు తివాచీ మీద లేడు. తలుపు దగ్గర బనీనుతో బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి ముందుకు చాపి ఉంది.

డాక్టరు వచ్చి చూశాడు. గుండె అన్నాడు. ప్రాణం ఎప్పుడు పోయిందో కచ్చితంగా చెప్పలేమన్నాడు. ఎవరూ రికార్డిస్టును ఒక్క మాట అనలేదు. ఎవరైనా అంటే బాగుండునని అతను అక్కడక్కడే తిరిగాడు. కాపలాదారు భార్య వచ్చి, ఏడుపు ఆపుకుని అతన్నే అడిగింది.

"పిలిచాడా అన్నయ్యా?"

"పిలిస్తే వినపడే గది కాదమ్మా ఇది."

ఆమె గోడలకేసి చూసింది. చేత్తో ఒకసారి నిమిరింది.

అందరూ కాపలాదారును తీసుకుని వెళ్లిపోయాక, రికార్డిస్టు ఓనరమ్మను తలుపు పక్కన నిలబడమని తాను లోపలికి వెళ్లాడు. తలుపు వేసుకుని, ఛాతీలో ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు. గొంతు బొంగురుపోయేదాకా అరిచి బయటికి వచ్చాడు.

"వినపడిందా?"

"ఏంటి బాబాయ్?" అంది ఆమె, చెంపలు తుడుచుకుంటూ.

అతను లైటు ఆర్పడానికి మళ్లీ లోపలికి వెళ్లాడు. మైకు స్టాండుకు కాపలాదారు చొక్కా నలక్కుండా తగిలించి ఉంది. దాని మెడపట్టీ మీద చెమట ఇంకా పూర్తిగా ఆరలేదు.